సీసమా, లిథియమా: ఇంటి సౌర బ్యాటరీ వాదంలో తేలినవి, తేలనివి

ఇంటి మీద సోలార్ పలకలు, మెట్ల కింద ఇన్వర్టర్, దాని పక్కన రెండు ట్యూబులర్ బ్యాటరీలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కొన్నేళ్ల కిందట సౌర విద్యుత్తు పెట్టించుకున్న చాలా ఇళ్లలో కనిపించే అమరిక ఇది. ఆ ట్యూబులర్లు నాలుగైదేళ్లకు నీరసిస్తాయి. గంటల బ్యాకప్ నిమిషాల్లోకి దిగుతుంది. మళ్లీ అవే వేయించాలా, లిథియానికి మారాలా అన్న ప్రశ్న అప్పుడు ఎదురవుతుంది.

జవాబులకు కొదవ లేదు. దుకాణదారు లిథియమే మేలంటాడు. ఏళ్ల తరబడి బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ పోస్తూ వచ్చిన ఎలక్ట్రీషియన్, సీసాన్ని మించింది లేదంటాడు. నెట్ మీటర్ ఉన్న పక్కింటివారు అసలు బ్యాటరీయే దండగ అంటారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. ఒక్కొక్కరు ఒక్కో రకం వాడకాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడటం వల్లే వాదం చిక్కుపడింది. ఏ రసాయనం గొప్పదని అడిగే ముందు, ఈ ఇంట్లో బ్యాటరీ రోజూ పనిచేస్తుందా, కరెంటు పోయినప్పుడు మాత్రమేనా అని అడిగితే చాలా చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

ఇక్కడిదాకా వచ్చిన దారి

సీసపు బ్యాటరీ చాలా పాతది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే దాన్ని తయారుచేశాడు. మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకోగల మొదటి బ్యాటరీ అదే. 1881లో కామీల్ ఫోర్ పలకలకు సీసపు ముద్ద పూసే పద్ధతి తెచ్చాక ఫ్యాక్టరీల్లో భారీగా తయారుచేయడం సాధ్యమైంది. ట్యూబులర్ రకంలో ధన పలకలోని పదార్థం గొట్టాల్లాంటి తొడుగుల్లో ఉంటుంది. త్వరగా రాలిపోదు కాబట్టి లోతుగా ఖాళీ చేసే పనికి అది మామూలు పలకల కంటే ఎక్కువ ఓర్చుకుంటుంది.

తెలుగు ఇళ్లలో ఇన్వర్టర్ అవసరాన్ని పెంచినవి కరెంటు కోతలు. ఉమ్మడి రాష్ట్రంలో 2012, 2013 నాటి కోతలు, పరిశ్రమలకు పెట్టిన పవర్ హాలిడేలు చాలామందికి గుర్తే. సీసపు బ్యాటరీ ఇక్కడి పరిశ్రమ కూడా. చిత్తూరు జిల్లాలో గల్లా రామచంద్రనాయుడు 1985లో నెలకొల్పిన అమరరాజా దేశంలోని పెద్ద బ్యాటరీ తయారీదారుల్లో ఒకటిగా ఎదిగింది.

లిథియం కథ ప్రయోగశాలల్లో మొదలైంది. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్, 1980లో జాన్ గుడినఫ్, 1985లో అకిరా యోషినో వేసిన అడుగుల మీద 1991లో సోనీ మొదటి వాణిజ్య లిథియం అయాన్ బ్యాటరీని తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. ఇంటి బ్యాటరీకి అంతకంటే దగ్గరి సంగతి 1997 నాటిది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుడినఫ్, ఆయనతో పనిచేసిన అక్షయ పాఢి, నంజుండస్వామి తదితరులు ఐరన్ ఫాస్ఫేట్‌ను లిథియం బ్యాటరీలో వాడొచ్చని చూపారు. ఇనుము, ఫాస్ఫేట్ చవక. వేడిని తట్టుకునే పదార్థం. మొదట్లో దాని లోపల విద్యుత్ సరిగా ప్రవహించేది కాదు. రేణువుల్ని బాగా చిన్నవి చేసి కార్బన్ పూత పూశాక ఆ లోపం తీరింది. ఇవాళ ఎల్‌ఎఫ్‌పీ పేరుతో అమ్ముతున్నది దీన్నే.

ధరలు పడిపోవడంతో ఈ చర్చ ఇళ్లదాకా వచ్చింది. బ్లూమ్‌బెర్గ్ ఎన్‌ఈఎఫ్ సర్వే ప్రకారం 2010లో లిథియం ప్యాక్ సగటు ధర కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్లకు పైనే. 2024 నాటికి అది 115 డాలర్లు. అమరరాజా కూడా 2023లో పేరును ‘ఎనర్జీ అండ్ మొబిలిటీ’గా మార్చుకుని, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది.

లిథియం అన్న పేరు కింద రెండు

వాదంలో మొదటి గందరగోళం పేరు దగ్గరే ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లాలో, విజయవాడలో ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. లిథియం అంటే ఇంట్లో బాంబు పెట్టుకోవడమేనన్న భయం అప్పుడు బలపడింది. ఆ తర్వాత కేంద్రం వాహన బ్యాటరీల భద్రతా నిబంధనల్ని కఠినం చేసింది.

భయానికి ఆధారం లేకపోలేదు, అయితే దాన్ని విడదీసి చూడాలి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ రకం తక్కువ బరువులో ఎక్కువ శక్తి దాస్తుంది, అందుకే వాహనాలకు నచ్చింది. అదుపు తప్పి వేడెక్కితే దాని ధన ధ్రువమే ఆక్సిజన్ వదులుతుంది. ఎల్‌ఎఫ్‌పీలో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా బంధమై ఉంటుంది. అదుపు తప్పే ఉష్ణోగ్రత ఎక్కువ, మంట తీవ్రత తక్కువ. బరువు కొంచెం ఎక్కువైనా గోడవార కదలకుండా కూర్చునే ఇంటి బ్యాటరీకి అది అడ్డు కాదు. టెస్లా తన ఇంటి బ్యాటరీ పవర్‌వాల్‌ను మొదట నికెల్ రకంతో తెచ్చి, మూడో తరానికి ఎల్‌ఎఫ్‌పీకి మారింది.

ఇంటికి ఎల్‌ఎఫ్‌పీయే తగినదన్నది ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకున్న మాట. అలాగని దానికి ప్రమాదమే లేదనడం కూడా తప్పే. బాగా దెబ్బతిన్న ఎల్‌ఎఫ్‌పీ సెల్ మండే వాయువుల్ని వదులుతుంది, మూసిన గదిలో అవి పోగైతే పేలొచ్చు. సీసం మాత్రం పూర్తిగా సాధువా? ఛార్జింగ్ చివర్లో అది హైడ్రోజన్ వదులుతుంది, లోపల యాసిడ్ ఉంటుంది. అలవాటు పడ్డాం కాబట్టి ఆ ప్రమాదం కంటికి ఆనదు.

మూడు వాదాలు

మొదటిది: మారిపోవాలి. ఈ పక్షానికి బలమైన ఆధారం సౌర విద్యుత్తు తీరులోనే ఉంది. సీసపు బ్యాటరీ ఎనభై శాతం దాకా చురుగ్గా ఛార్జ్ అవుతుంది. మిగిలిన ఇరవై శాతానికి కరెంటును కొద్దికొద్దిగా తీసుకుంటూ గంటలు పడుతుంది. అంత తీరిక ఎండకు ఉండదు, వానాకాలం ముసురుకు అసలే ఉండదు. రోజుల తరబడి సగం కడుపుతో ఉన్న సీసపు పలకల మీద సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం తరిగిపోతుంది. చాలా సోలార్ ట్యూబులర్లు ముందే పోవడానికి ఇదొక పెద్ద కారణం. లిథియానికి సగం ఛార్జ్‌లో ఉండటం ఇబ్బంది కాదు సరికదా, ఒంటికి మంచిది. పైగా సీసంలో పెట్టిన నూరు యూనిట్లలో డెబ్బై ఐదు నుంచి ఎనభై ఐదు తిరిగొస్తే, ఎల్‌ఎఫ్‌పీలో తొంభై పైచిలుకు వస్తాయి. నీళ్లు పోసే పని లేదు, టెర్మినళ్లు తెల్లగా పూత పట్టవు.

రెండోది: సీసమే చాలు. ఈ పక్షం మాట్లాడేది డబ్బు, మరమ్మతు, అలవాటు గురించి. చేతి నుంచి ముందుగా పెట్టే మొత్తం తక్కువ. పాత బ్యాటరీ ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు. మండల కేంద్రంలో కూడా బాగుచేసే మనిషి దొరుకుతాడు, హైడ్రోమీటర్ ముంచి ఏ గడి బలహీనపడిందో చెప్పగలడు. సీసం చెప్పి చెప్పి పోతుంది, నెలనెలా బ్యాకప్ తగ్గుతూ హెచ్చరిస్తుంది. లిథియం ప్యాక్‌లో బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ ఉంటుంది. అది తెగితే లోపల సెల్స్ బాగున్నా ఇల్లంతా ఒక్కసారిగా చీకటి. సీసానికి పన్నులోనూ ఊరట దొరికింది. 2025 సెప్టెంబరులో దాని జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగి, లిథియంతో సమానమైంది.

మూడోది: బ్యాటరీయే వద్దు. నెట్ మీటరింగ్‌లో పగలు మిగిలింది గ్రిడ్‌కు ఇచ్చి, రాత్రి కావలసింది తీసుకుంటాం. కరెంటు పంపిణీ సంస్థ డిస్కమే ఖర్చు లేని బ్యాటరీ అయినట్టు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కూడా ఈ దారిలోనే ఉంది. మూడు కిలోవాట్లు, ఆపైన ఉన్న వ్యవస్థకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది గాని అది పలకల సామర్థ్యాన్ని బట్టి, బ్యాటరీని బట్టి కాదు. ఈ వాదంలో ఒక్కటే లోటు. గ్రిడ్‌కు కట్టిన మామూలు సోలార్ ఇన్వర్టర్, లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా కరెంటు పోగానే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా ఫ్యాను తిరగదు. కోతలు ఎక్కువగా ఉన్న ఊళ్లో ఈ సలహా నిలబడదు.

లెక్క వేసి చూస్తే

ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. పన్నెండు వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్లు రెండు ఉంటే కాగితం మీద 3.6 యూనిట్లు. ఆయుష్షు నిలవాలంటే సగమే వాడాలి, అంటే 1.8 యూనిట్లు. 25.6 వోల్టులు, 100 ఏహెచ్ లిథియం ప్యాక్‌లో ఉండేది 2.56 యూనిట్లు. ఎనభై శాతం వాడినా 2 యూనిట్లు పైనే. కాబట్టి 150కి 150 వెతకాల్సిన పని లేదు, 100 ఏహెచ్ సరిపోతుంది. జత ట్యూబులర్లు నూరు కిలోలు దాటితే ఈ ప్యాక్ పాతిక కిలోల లోపే ఉంటుంది.

ధరలు ఊరికి, నెలకు మారతాయి. లెక్క కోసం ట్యూబులర్ జత 30,000, లిథియం 50,000 రూపాయలు అనుకుందాం.

రోజూ సాయంత్రం సౌర విద్యుత్తు మీదే నడిచే ఇంట్లో, సగం లోతు దాకా వాడితే సీసం 1,200 సార్లు పనిచేస్తుందనుకుంటే మొత్తం ఇచ్చేది 2,160 యూనిట్లు. నిల్వ ఖర్చు యూనిట్‌కు 14 రూపాయలు. లిథియం 3,500 సార్లు వస్తుందని కాస్త తగ్గించి వేసుకున్నా దాదాపు 7,000 యూనిట్లు, అంటే యూనిట్‌కు 7 రూపాయలు. రోజువారీ వాడకంలో తీర్పు లిథియం వైపే, పెద్ద తేడాతో.

కోతలప్పుడు మాత్రమే వాడే ఇంట్లో ఈ లెక్క చెల్లదు. వారానికి రెండుమూడు గంటలు పనిచేసే బ్యాటరీ ఎన్నిసార్లు తిరుగుతుందన్న అంకె అక్కరకు రాదు, ఎన్నేళ్లు బతుకుతుందన్నదే ముఖ్యం. సీసం ఐదేళ్లుంటే ఏడాదికి 6,000 రూపాయలు. లిథియం పదేళ్లుంటే 5,000, ఏడేళ్లకే పోతే 7,000 పైచిలుకు. గెలుపు ఓటములు ఆ ఒక్క ఆయుష్షు అంకె మీద ఆధారపడ్డాయి.

ఇంకో సంగతి. నిల్వకే యూనిట్‌కు ఏడు రూపాయలు పడుతుంటే, కింది శ్లాబుల్లో మూడు నాలుగు రూపాయలకు కరెంటు వచ్చే ఇంటికి బ్యాటరీతో బిల్లు తగ్గించుకోవడం కుదరని పని. యూనిట్ తొమ్మిది, పది రూపాయలు పలికే పై శ్లాబులవారికే ఆ ఆలోచనకు కొంత చోటుంది.

సెల్స్ కంటే చుట్టూ ఉన్నవే ముఖ్యం

మార్పిడిలో వచ్చే ఇబ్బందులు ఎక్కువగా లిథియం సెల్స్ వల్ల కావు, సీసం కోసం కట్టిన వ్యవస్థలో వాటిని తెచ్చి కూర్చోబెట్టడం వల్ల.

ఛార్జర్ అమరిక మొదటిది. పాత ఇన్వర్టర్లు, సోలార్ ఛార్జ్ కంట్రోలర్లు సీసానికి అప్పుడప్పుడు ఈక్వలైజేషన్ పేరుతో ఎక్కువ వోల్టేజీ పంపుతాయి. 24 వోల్టుల వ్యవస్థలో అది 30 వోల్టులు దాటొచ్చు. ఎనిమిది ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ వరుసకు పై హద్దు 29.2 వోల్టులు. హద్దు దాటితే బీఎంఎస్ బ్యాటరీని విడగొడుతుంది. పలకల కరెంటు వస్తుండగా బ్యాటరీ ఇలా తెగిపోతే కొన్ని కంట్రోలర్లు దెబ్బతింటాయి. ఈక్వలైజేషన్‌ను, ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ మార్చే ఏర్పాటును ఆపగలిగే యంత్రమైతేనే పాతదాన్ని ఉంచుకోవాలి. కింది హద్దుకూ అంతే. సీసానికి పెట్టిన 21 వోల్టుల కట్‌ఆఫ్ దగ్గర లిథియం దాదాపు అడుగంటి ఉంటుంది, 24 దగ్గర ఆపడం క్షేమం.

రెండోది మీటర్. సీసంలో వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో అంచనా వేయొచ్చు. ఎల్‌ఎఫ్‌పీలో ఇరవై శాతం నుంచి ఎనభై శాతం దాకా ఒక్కో సెల్ వోల్టేజీలో వచ్చే తేడా దాదాపు పదోవంతు వోల్టు మాత్రమే. పాత ఇన్వర్టర్ మీద గీతలు నిండుగా చూపిస్తూ చూపిస్తూనే కరెంటు ఆగిపోతుంది. లోపలికి, బయటికి పోయే కరెంటును లెక్కగట్టే మీటరో, ఇన్వర్టర్‌తో మాట్లాడగల బీఎంఎస్సో కావాలి.

మూడోది ఫ్యూజు. లిథియం సెల్ లోపలి నిరోధం చాలా తక్కువ. షార్ట్ అయితే వేల ఆంపియర్లు దూకుతాయి. ఇంటి ఏసీ బోర్డులో వాడే ఎంసీబీ ఆ డీసీ ప్రవాహాన్ని తెంచలేదు. డీసీకి తగిన, పెద్ద షార్ట్ కరెంటును తెంచగల ఫ్యూజును బ్యాటరీ పక్కనే పెట్టాలి. రెండు కిలోవాట్ల లోడుకు 24 వోల్టుల దగ్గర తీగలో 80 ఆంపియర్లు పారతాయి కాబట్టి వదులు బిగింపులు, సన్న తీగలు కూడా ప్రమాదమే.

నాలుగోది జోడింపు. ఇంకా కొంచెం పనిచేస్తున్న ట్యూబులర్ల పక్కనే లిథియాన్ని సమాంతరంగా కలపొచ్చా? వోల్టేజీలు దగ్గరగా ఉంటాయి కాబట్టి నడుస్తుందనే ప్రయోగశీలులు ఉన్నారు. కాని రెండింటికీ సరిపడే ఛార్జింగ్ హద్దు ఒకటి లేదు, ఒకదానికి మేలు చేసేది రెండోదానికి చెరుపు. ఇంటికి వద్దనే మాటే ఎక్కువమందిది.

సెల్స్, బీఎంఎస్ విడిగా కొని కట్టుకోవడంపైనా రెండు అభిప్రాయాలున్నాయి. ఖర్చు తగ్గుతుంది, ఏది పోతే అది మార్చుకోవచ్చు. ఎదురుగా ఉన్న చిక్కేమిటంటే, ఎక్కువగా చైనా నుంచి వచ్చే ఆ సెల్స్‌లో మొదటి రకం ఏదో, పక్కన పెట్టేసిన రకం ఏదో కొనేవాడికి తెలియదు. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్నదీ తేలదు. విద్యుత్ పని తెలిసినవారికే ఆ దారి. మిగిలినవారు ఐఈసీ 62619 వంటి భద్రతా పరీక్షల పత్రం చూపగల ప్యాక్ కొనడమే మంచిది.

పక్కపక్కన పెట్టి చూస్తే

- వాడుకోగల భాగం: సీసంలో సగం, ఎల్‌ఎఫ్‌పీలో ఎనభై నుంచి తొంభై శాతం.
- నచ్చే స్థితి: సీసానికి ఎప్పుడూ నిండుగా ఉండాలి, లిథియానికి మధ్యస్థంగా ఉంటే హాయి.
- వేడి: రెండింటికీ శత్రువే. సీసం ఆయుష్షు పాతిక డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకు దాదాపు సగమవుతుంది.
- చెడిపోయే తీరు: సీసం మెల్లగా, లిథియం ప్యాక్ చాలాసార్లు అకస్మాత్తుగా.
- మరమ్మతు: సీసానికి ఊళ్లోనే, లిథియానికి కంపెనీ మనిషి రావాలి.
- పెంచుకోవడం: సీసంలో పాత కొత్తలు కలపకూడదు. లిథియంలో తయారీదారు అనుమతిస్తే అదే రకం ప్యాక్‌ను సమాంతరంగా చేర్చుకోవచ్చు.
- పాతబడ్డాక: సీసానికి తూకం ధర ఉంది, ఎల్‌ఎఫ్‌పీకి ఇంకా స్థిరమైన మార్కెట్ లేదు.

తేలని సంగతులు

మొదటిది మన ఎండలో ఆయుష్షు. కంపెనీలు చెప్పే వేల ఛార్జ్-డిశ్చార్జ్ సైకిళ్లు సాధారణంగా పాతిక డిగ్రీల గదిలో కొలిచినవి. రామగుండంలోనో, నంద్యాలలోనో మే నెలలో రేకుల గది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. లిథియం సెల్‌ను ఎక్కువగా ముసలిదాన్ని చేసేవి రెండు: వేడి, నిండు ఛార్జ్. కోతల కోసమే ఉంచిన బ్యాటరీ ఏడాది పొడవునా నిండుగా, ఆ వేడిలోనే కూర్చుని ఉంటుంది. సీసానికి మేలు చేసిన అలవాటే ఇక్కడ ఆయుష్షు తింటుంది. బ్యాటరీ నిండాక కూడా ఛార్జర్ ఇస్తూ ఉండే ఫ్లోట్ వోల్టేజీని తగ్గించడం, ఇంట్లో చల్లని చోట పెట్టడం దీనికి మందు. అయినా పదేళ్లు వస్తాయా, ఏడేళ్లా అన్నది ఈ తరం ప్యాక్‌లు ఇక్కడి ఇళ్లలో పాతబడితేగాని గట్టిగా చెప్పలేం.

రెండోది వారంటీ. పదేళ్ల కాగితం విలువ, ఆ పదేళ్లూ కంపెనీ నిలిచి ఉండటం మీద, విడి బీఎంఎస్ దొరకడం మీద ఆధారపడుతుంది. ఇంకా, ఎంత ఉష్ణోగ్రత దాటితే, ఎన్ని యూనిట్లు తోడితే వారంటీ చెల్లదో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

మూడోది చెత్త. సీసం దాదాపు మొత్తం తిరిగి కరిగించి వాడగలిగిన లోహం. అయితే అనుమతి లేని కొలిముల్లో కరిగించినప్పుడు చుట్టుపక్కల పిల్లల రక్తంలోకి చేరే విషం కూడా అదే. ఎల్‌ఎఫ్‌పీలో సీసం లేదు, కోబాల్ట్ లేదు. ఖరీదైన లోహాలు లేకపోవడమే రీసైకిల్ చేసేవాడికి ఆసక్తి లేకుండా చేస్తోంది. పాత బ్యాటరీలపై కేంద్రం 2001లో తెచ్చిన నిబంధనలు సీసపు బ్యాటరీలకే పరిమితం. వాటి స్థానంలో వచ్చిన 2022 నిబంధనలు అన్ని రకాలనూ వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులపై పెట్టాయి. ఆ బాధ్యత జిల్లా స్థాయి దుకాణం దాకా దిగాలి.

నాలుగోది విధానం. 2023లో కేంద్రం సవరించిన నియమాలు రోజులో వేళను బట్టి ధర మారే పద్ధతిని నిర్దేశించాయి. ఎండ వేళల్లో కనీసం ఇరవై శాతం తక్కువ, పీక్ వేళల్లో ఎక్కువ. స్మార్ట్ మీటర్లతో అది ఇళ్లకు నిజంగా అమలైతే, పగలు దాచి సాయంత్రం వాడుకోవడానికి విలువ వస్తుంది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్త సోలార్ ఇళ్లు గ్రిడ్‌కు ఇచ్చే కరెంటుకు చెల్లింపు బాగా తగ్గించారు, వెంటనే బ్యాటరీతో కలిపి పెట్టించుకునేవారి నిష్పత్తి పెరిగింది. ఆస్ట్రేలియా 2025 జులై నుంచి ఇంటి బ్యాటరీలకే రాయితీ ఇస్తోంది. మన దగ్గర నెట్ మీటరింగ్ ఇప్పటి రూపంలో ఉన్నంతకాలం మూడో వాదానికి బలం, అది సడలితే మొదటి వాదానికి బలం.

ఎవరికి ఏది

గ్రిడ్ అందని పొలం ఇల్లు, రోజూ గంటల కొద్దీ బ్యాటరీ మీదే నడిచే ఇల్లు అయితే ఎల్‌ఎఫ్‌పీకి మారడంలో సందేహం అక్కర్లేదు. ఛార్జర్, ఫ్యూజు, తీగల ఖర్చు కూడా కలిపి బడ్జెట్ వేసుకోవాలి. నెట్ మీటర్ ఉండి కోతలు అరుదైన ఇంటికి పెద్ద బ్యాటరీ బ్యాంకు అనవసరం. నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, రూటర్ నడిపే చిన్న ఇన్వర్టర్ చాలు. ఈ రెంటి మధ్యా ఉన్నవారు, అంటే కోతల కోసమే బ్యాటరీ ఉంచుకునే అత్యధికులు, తొందరపడాల్సింది లేదు. ఉన్న ట్యూబులర్లు పనిచేస్తుంటే వాటి కాలం తీరేదాకా వాడుకోవచ్చు. తీరాక, చల్లని చోటు, లిథియం అమరిక ఉన్న ఇన్వర్టర్ రెండూ ఉంటే లిథియం, లేకుంటే మళ్లీ సీసమే. ముందు ఒక నెల పాటు ఎన్ని గంటలు కోత ఉందో, ఎంత లోడు నడిచిందో రాసి పెట్టుకుంటే, దుకాణానికి వెళ్లేసరికి సగం నిర్ణయం అయిపోయినట్టే.